పాత ఆర్చీ కథ ఏ ఏడాదిదో పట్టుకోవడం ఎలా

అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదో, విజయవాడ పాత పుస్తకాల షాపుల్లోనో దొరికే ఆర్చీ డైజెస్టులతో ఒక తిరకాసు ఉంది. ఆర్చీ అంటే అమెరికా టీనేజి కుర్రాడి నవ్వుల కామిక్స్, డైజెస్టు అంటే ఆ పాత కథల్ని మళ్లీ అచ్చేసిన చిన్న సైజు సంకలనం. డైజెస్టు మీద 1988 అని ఉంటుంది. లోపల మొదటి కథ 1962ది, దాని పక్కది 1975ది, ఆ తర్వాతది 1984ది కావచ్చు. కథ కింద అసలు సంవత్సరం వేయరు. రాసినవాళ్లూ గీసినవాళ్లూ ఎవరో చాలా కథల్లో చెప్పరు. అయినా పావుగంట ఓపిక పడితే ఎక్కువ కథల్ని మూడు నాలుగేళ్ల పరిధిలోకి తేవచ్చు. ఎందుకంటే ఈ రకం కామిక్స్ బతికిందే కుర్రకారు మోజుల వెంట పరుగెత్తి. ఏ మోజు వెంట పరుగెత్తిందో కనిపెడితే సగం పని అయినట్టే.

ముందు ఒక సూత్రం గట్టిగా పట్టుకోండి. కథలో కనిపించే మోజు 'ఇంతకంటే ముందుది కాదు' అని మాత్రమే చెబుతుంది, దీన్ని కింది గీత అందాం. 'సరిగ్గా అప్పటిదే' అని చెప్పదు. కథ రాసి, పెన్సిల్‌తో గీసి, ఇంకు వేసి, అక్షరాలు, రంగులు వేసి అచ్చుకు పంపేసరికి నెలలు పడుతుంది. పైగా గీసేవాళ్లు చాలామంది నడివయసు వాళ్లు. కొత్త డాన్సు సంగతి వాళ్ల చెవిన పడేది అది టీవీ దాకా వచ్చాకే.

ఈ ఆలస్యం ఎంతో కొలవడానికి రెండు మంచి ఉదాహరణలున్నాయి. టీవీలో 'ద మంకీస్' అనే బ్యాండు సీరియల్ మొదలైంది 1966 సెప్టెంబరులో. ఆర్చీ బృందం గిటార్లు పట్టి 'ద ఆర్చీస్' బ్యాండుగా కనిపించింది 'లైఫ్ విత్ ఆర్చీ' పత్రిక 60వ సంచికలో, 1967 ఏప్రిల్ తేదీతో. అంటే ఏడు నెలలు. మరోవైపు గూఢచారి సీరియల్ 'ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్' 1964 సెప్టెంబరులో వస్తే, దానికి ఆర్చీ పేరడీ అదే పత్రిక 45వ సంచికలో, 1966 జనవరి తేదీతో వచ్చింది. పదహారు నెలలు. కాబట్టి మోజు మొదలైన తేదీకి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కలపడం క్షేమం. అట్ట మీది నెల కూడా నిజం చెప్పదు. పుస్తకం షాపులోకి వచ్చేది దానికి రెండు మూడు నెలల ముందు.

కింది గీత: ఏ వస్తువు ఎప్పటి నుంచి

నడుం చుట్టూ తిప్పే రింగు, హులాహూప్, కనిపిస్తే 1958కి ముందుది కాదు. ట్విస్టు డాన్సు అయితే 1960 తర్వాతది, ఎక్కువగా 1961-62 నాటిది. అబ్బాయిలు నుదుటి మీద జుట్టు పడేసుకుని, అమ్మాయిలు కెవ్వుమని అరుస్తుంటే అది బీటిల్స్ మహిమ. వాళ్లు అమెరికా టీవీలో ఎడ్ సలివన్ షోకి వచ్చింది 1964 ఫిబ్రవరి 9న. డ్రమ్ము మీద 'ద ఆర్చీస్' అని ఉంటే 1967కి ముందు ఉండే వీల్లేదు. బ్యాండు కథలు వరదలా వచ్చింది మాత్రం 1968 సెప్టెంబరులో కార్టూను మొదలై, 1969లో 'షుగర్, షుగర్' పాట నంబర్ వన్‌కి చేరాకే. చెవులకు వాక్‌మన్, చేతిలో రూబిక్ క్యూబ్, షాపులో ప్యాక్‌మన్ మెషీను కనిపిస్తే 1980 తర్వాత. మ్యూజిక్ వీడియోల మీద జోకులుంటే 1981 ఆగస్టులో ఎంటీవీ మొదలయ్యాక.

కేప్ కట్టిన ఆర్చీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బ్యాట్‌మన్ టీవీ సీరియల్ 1966 జనవరిలో వచ్చింది కదా, ఆర్చీ సూపర్ హీరో అయింది ఆ తర్వాతే అనుకుంటారు. కాదు. 'ప్యూర్‌హార్ట్ ద పవర్‌ఫుల్'గా ఆర్చీ వచ్చింది 'లైఫ్ విత్ ఆర్చీ' 42లో, 1965 అక్టోబరు తేదీతో. అప్పటికే మిగతా కామిక్స్‌లో సూపర్ హీరోల జోరు నడుస్తోంది, వీళ్లు దాని వెంట పడ్డారు. మోజు ఏ దారిన వచ్చిందో చూసుకోకుండా టీవీ తేదీతో గీత గీస్తే ఇలాగే తప్పుతుంది.

పై గీత: ఏది లేదో చూడండి

పై గీతకు, అంటే 'ఇంతకంటే తర్వాతది కాదు' అనడానికి, బట్టలు పనికొస్తాయి. స్కర్టు మోకాలు దాటి కిందికి ఉంటే 1960ల మొదటి సగం, లేదా అంతకు ముందు. మోకాలికి బాగా పైకి పోతే 1966 తర్వాత. బెల్‌బాటమ్ 1960ల చివర మొదలై 1970లంతా ఉంది కాబట్టి అది ఒక్కటే చాలదు.

ఆర్చీ స్నేహితుడు జగ్‌హెడ్ టోపీని సాక్ష్యంగా తీసుకోకండి. పాత ఫెల్టు టోపీ అంచును పళ్లలా కత్తిరించి పెట్టుకోవడం 1930-40ల కుర్రాళ్ల సరదా. ఆ సరదా పోయింది, టోపీ మాత్రం అతని నెత్తి మీదే ఉండిపోయింది. ఆర్చీ డొక్కు కారూ, అతని స్నేహితురాలు బెట్టీ పోనీటెయిలూ అంతే. దశాబ్దాలు మారనివాటితో తేదీ తేలదు.

ఇప్పుడు ఒక కథ చేతిలో ఉందనుకోండి. ఆర్చీకి పోటీగా ఉండే రెగ్గీ విగ్గు పెట్టుకుని గిటార్ పట్టుకున్నాడు. వెనక అమ్మాయిలు కేకలు వేస్తున్నారు. బీటిల్స్ గాలి, అంటే 1964 ఫిబ్రవరికి పైన. ఆలస్యం కలిపితే 1964 చివర. బెట్టీ స్కర్టు మోకాలి దగ్గరే ఉంది, కాబట్టి 1966కి కింద. స్టేజీ మీద బ్యాండు ఎవరిదో తెలియదు గానీ అందులో ఆర్చీ లేడు. సొంత బ్యాండు వచ్చాక గీసి ఉంటే అతన్ని పక్కన పెట్టరు. 1964 చివరి నుంచి 1966 లోపు అని ఒక చీటీ మీద రాసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. పునర్ముద్రణలో మాటల్ని మార్చేసిన సందర్భాలున్నాయి. పాత గాయకుడి పేరు తీసి కొత్త పేరు, బర్గర్ పాత ధర తీసి కొత్త ధర పెడతారు. బెలూన్‌లో ఒక్క మాట మాత్రం మందంగానో సన్నగానో ఉండి, దాని చుట్టూ ఖాళీ ఎక్కువగా కనిపిస్తే అనుమానించండి. మాటకీ బొమ్మకీ పొత్తు కుదరనప్పుడు బొమ్మనే నమ్మాలి. బొమ్మ మార్చడం ఖర్చు, మాట మార్చడం చవక.

గీసిన చేయి

బొమ్మ చూసి గీసింది ఎవరో పోల్చడం అలవాటు మీద వస్తుంది, వచ్చాక అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. హ్యారీ లూసీ బొమ్మల్లో ఒళ్లంతా మాట్లాడుతుంది. కోపం వస్తే పాత్ర నడుము దగ్గర నుంచి వంగుతుంది. డాన్ డికార్లో అమ్మాయిల్ని ఫ్యాషన్ పత్రికలోంచి దిగినట్టు గీసేవారు. 1950లలో ఆయన ఇంకో కంపెనీకి 'మిల్లీ ద మోడల్' గీశారు, తర్వాత ఆర్చీ కంపెనీ మొత్తానికీ ఆయన గీతే ఒరవడి అయింది. శామ్ ష్వార్ట్జ్ జగ్‌హెడ్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వెనక గోడ దగ్గర కథతో సంబంధం లేని చిన్న జోకు ఒకటి నడుస్తుంటుంది. ఈయన 1965లో టవర్ కామిక్స్‌కి వెళ్లి అక్కడ 'టిప్పీ టీన్' నడిపారు, 1970 ప్రాంతంలో తిరిగొచ్చారు. అందుకని ష్వార్ట్జ్ చేతి కథ సాధారణంగా ఆ ఖాళీకి అటో ఇటో పడుతుంది. స్కర్టు పొడవు చూస్తే ఎటో తేలిపోతుంది.

విడి సంచికలైతే

విడి సంచిక దొరికితే పని సులువు. మొదటి పేజీ అడుగునో, అట్ట లోపలి వైపునో చిన్న అక్షరాల్లో ప్రచురణ వివరాలుంటాయి. అట్ట పోయి ఆ పేజీ కూడా చిరిగితే వేరే దారులు చూడాలి. అట్ట ముక్క మిగిలి ఉంటే ధర చూడండి. 1961 దాకా 10 సెంట్లు, 1962 నుంచి 1969 దాకా 12, తర్వాత 15, 1972 ప్రాంతంలో 20, 1974లో 25, 1976లో 30, 1977లో 35, 1980లో 50. మారే ఏడాదిలో నెలలు అటూ ఇటూ అవుతాయి. కామిక్స్ కంపెనీలు తమకు తామే పెట్టుకున్న సెన్సారు, కామిక్స్ కోడ్ ముద్ర ఉంటే 1955కి ముందుది కాదు. మీద 'ఆర్చీస్ గర్ల్స్ బెట్టీ అండ్ వెరోనికా' అని పూర్తి పేరుంటే 1950-87 మధ్యది.

పేరు మారిన పత్రికలతో జాగ్రత్త. ఆర్చీ కంపెనీదే అయిన జోసీ పత్రిక 1963లో 'షీజ్ జోసీ'గా మొదలై, 17వ సంచిక నుంచి 'జోసీ' అయి, 1969 డిసెంబరు తేదీ ఉన్న 45వ సంచికతో 'జోసీ అండ్ ద పుస్సీక్యాట్స్' అయింది. అంకెలు మాత్రం ఆగకుండా సాగాయి. పుస్సీక్యాట్స్ 1వ సంచిక అని ఎవరైనా అమ్మజూపితే అది ఆ పాత వరసలోది కాదు.

వేరే కంపెనీల పరుగు కూడా తెలిసుంటే మంచిది. డీసీ 1966లో 'స్వింగ్ విత్ స్కూటర్' తెచ్చింది. స్కూటరెక్కే బ్రిటిష్ పాప్ స్టార్ కథ. బీటిల్స్ వేడి తగ్గేసరికి ఆ పుస్తకం మెల్లగా ఆర్చీ పోలికలోకి జారి, 1972లో ఆగిపోయింది. జాతర అయ్యాక రంగులరాట్నం బిగించినట్టు. మొదటి సంచికలే బాగుంటాయి, చివరివాటికి ఎక్కువ ఇవ్వకండి.

కొనేముందు

మామూలు సంచికలో అట్ట కాకుండా 32 పేజీలుంటాయి. వేళ్లతో లెక్కపెట్టండి. నడిమి పేజీలు పిన్నుల నుంచి ఊడిపోయి ఉంటాయి, ముందు అక్కడే తెరవండి. బెట్టీ-వెరోనికా, 'కేటీ కీన్' రకం పుస్తకాల్లో కత్తిరించుకునే కాగితం బొమ్మలూ దుస్తులూ ఉంటాయి. ఆ కత్తిరింపుతో వెనక పేజీలో కథ గడి కూడా పోతుంది. ప్రకటనల కూపన్లదీ ఇదే బాధ.

అద్దె లైబ్రరీల నుంచి వచ్చినవి దారంతో కుట్టి, అంచులు కత్తిరించి ఉంటాయి. స్కేలు పెట్టండి. 1960ల పుస్తకం వెడల్పు ఏడు అంగుళాల పైచిలుకు ఉండాలి. ఆరున్నరే ఉంటే కత్తి పడినట్టే. చదవడానికైతే తీసుకోవచ్చు, దాచడానికి కాదు. డైజెస్టులకు పిన్నులుండవు, జిగురు వీపు ఉంటుంది. ఎండిన జిగురు పుస్తకాన్ని బల్లపరుపుగా తెరిచిన క్షణమే విరుగుతుంది. ఎల్ ఆకారం కంటే ఎక్కువ తెరవొద్దు.

దాచడం

ఇది న్యూస్‌ప్రింట్, లోపలి ఆమ్లంతో తనంతట తానే పసుపెక్కుతుంది. వేడీ వెలుతురూ తగిలితే ఇంకా త్వరగా. సెలోటేపు వేయొద్దు, కొన్నేళ్లకి దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమ రంగు మచ్చవుతుంది. బడి పుస్తకానికి వేసినట్టు అట్ట వేసి అంటించడం కూడా వద్దు. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు ఇంకును లాగేస్తాయి. గలగలలాడే పాలీప్రొపిలీన్ ఏ4 కవర్లలో మామూలు సంచిక చక్కగా పడుతుంది. వెనక ఆమ్లం లేని అట్టముక్క పెట్టండి. మామూలు గోధుమరంగు అట్టపెట్టె ముక్క మేలు కంటే కీడే చేస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో రంగు మారినప్పుడల్లా ఆరబెట్టండి. కలరా ఉండలు కవర్లలో వేయకండి, ఆ వాసన కాగితాన్ని వదలదు. పురుగు పట్టిందనిపిస్తే పుస్తకాన్ని రెండు కవర్లలో గాలి చొరకుండా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు. తొందరపడితే చల్లని కాగితం మీద నీటిబొట్లు పట్టి పేజీలు అలలు తిరుగుతాయి. ముక్క వాసనకైతే పెద్ద డబ్బాలో గిన్నెడు వంటసోడా, దానికి తగలకుండా పుస్తకం, నాలుగు రోజులు మూత.

మీరు తేల్చిన సంవత్సరాలు పుస్తకం మీద రాయకండి, పెన్సిల్‌తో కూడా. కథ పేరు, పేజీ, కింది గీత, పై గీత, ఆధారం ఒక చీటీ మీద రాసి అట్టముక్క వెనక దోపండి. అసలు సంచిక ఎప్పుడైనా చేతికి చిక్కితే ఆ చీటీ దిద్దుకోవచ్చు.