బొంత చుట్టూ కూడుదాం: కుట్టు, ముచ్చట, బీపీ పరీక్ష

ఆరోగ్యం గురించి చెప్పండమ్మా అని వరుసగా కుర్చీల్లో కూర్చోబెడితే ఏ ఆడమనిషీ నోరు విప్పదు. అదే చేతిలో సూది ఉండి, చూపు కుట్టు మీద ఉంటే మాట దానంతట అదే వస్తుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో బొంతలు కుట్టారు. ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఇప్పటికీ ‘కవంది’ అనే అతుకుల బొంత కుడతారు. 1983లో అట్లాంటాలోని స్పెల్‌మన్ కాలేజీలో నల్లజాతి స్త్రీల ఆరోగ్యంపై సభ పెట్టిన బిల్లీ ఏవరీ కూడా మందుల కన్నా ముందు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చొని మాట్లాడుకోవడాన్నే నమ్ముకున్నారు. మన వరంగల్ పల్లెల్లో బొంతా ఉంది, మహిళా సంఘమూ ఉంది. రెంటినీ ఒకచోట చేర్చడమే పని.

వరినాట్లు, పత్తి ఏరే రోజులు, బతుకమ్మ తొమ్మిది రోజులు వదిలేసి నాలుగు ఆదివారాలు పెట్టుకోండి. మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదు దాకా చాలు. ఒక బొంతకు ఆరుగురు: పొడుగు వైపుల ఇద్దరిద్దరు, పొట్టి వైపుల ఒక్కొక్కరు. పన్నెండు మంది వస్తే రెండో బొంత పరవండి. ఇరుక్కుని కూర్చుంటే మోకాళ్లు నొస్తాయి, వచ్చే వారం సగం మంది రారు.

బొంతకు రెండు పాత నూలు చీరెలు కావాలి. ఐదున్నర మీటర్ల చీరెను మూడు మడతలు వేస్తే సరిగ్గా ఆరడుగుల పొడవొస్తుంది. రెండు చీరెలు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆరు పొరలు, చలికాలానికి సరిపోతుంది. సిల్కు, పాలిస్టర్ వద్దు, పొరలు జారుతాయి. జరీ అంచు కత్తిరించేయండి, సూది విరుగుతుంది. గంజి పెట్టిన చీరెను వేడినీళ్లలో నానబెట్టి ఉతకాలి, లేకపోతే సూది దిగదు. దారం రెండు మూరలకు మించి తీస్తే చిక్కుపడుతుంది.

అసలు కష్టం ముడతలతో. ఆరుగురూ ఎవరి అంచు నుంచి వాళ్లు లోపలికి కుట్టుకుంటూ వస్తారు. సిద్దీ స్త్రీల పద్ధతీ ఇదే, అంచు నుంచి నడిమికి. పొరలు ముందే కట్టుబడి లేకపోతే గుడ్డంతా నడిమికి పోగై బొడిపెలా లేస్తుంది. అందుకే ముందు నడిమి నుంచి అంచుకు, జానెడుకో వరుస చొప్పున పెద్ద టాకాలు వేయండి. తర్వాత విడి కొసలను లోపలికి మడిచి, వేలెడు ఎడంతో వరుసలు కుట్టాలి. కింద కొత్తవాడ జంపఖానా పరిస్తే దానిమీద ప్లాస్టిక్ షీటు వేయండి. లేకపోతే సూది జంపఖానాను కూడా పట్టి కుట్టేస్తుంది, లేవబోతే రెండూ కలిసి లేస్తాయి!

బీపీ చూసేది కుట్టు మొదలుకాక ముందే, చాయ్ పోయక ముందే. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు తగిలేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి బల్లమీద, గుండె ఎత్తున ఉండాలి. రెండుసార్లు చూడండి. ఏ రోజు చూసినా 140/90 దాటుతుంటే దవాఖానకు పంపాలి. 180/120 వచ్చి తలనొప్పో, ఛాతీలో నొప్పో ఉంటే ఆ క్షణమే 108కి ఫోన్. గర్భిణీ కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత. ఆశా అక్కను ముందే పిలిచి పెట్టుకోండి. 2023లో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారం నడిచేలా పెట్టారు, దగ్గర్లో ఎక్కడ ఉందో ఆమెనే అడగండి. ఐరన్ గోలీ చాయ్‌తో కలిపి వేసుకోవద్దని కూడా ఆమెతోనే చెప్పించండి. ఎవరి అంకె ఎంతో గట్టిగా చదవకండి, చీటీ మీద రాసి చేతిలో పెట్టండి.

ముచ్చట మీరు నడపొద్దు. ‘రాత్రి నిద్ర పడుతుందా వదినె?’ లాంటి ఒక్క మాట వేసి కుట్టుకుంటూ ఉండండి. సలహాలు వరదలా కురిపించే మనిషి ఒకరు తప్పక ఉంటారు, ఆమెకు సూదుల్లో దారం ఎక్కించే పని ఇవ్వండి. తినడానికి సర్వపిండి, పల్లీ పట్టీ బాగుంటాయి. బీపీ ఉన్నవాళ్లకు పచ్చడి వేయొద్దు.

పూర్తయిన బొంత ఎవరిదో మొదటి రోజే చీటీ వేసి తేల్చండి, నాలుగో వారం దాకా ఆగితే తగవు. మొదటిసారి చన్నీళ్లలోనే ఉతికి, రెండు తాళ్లమీద అడ్డంగా ఆరేయండి. ఒక్క తాడుమీద వేస్తే తడి బరువుకు నడిమి కుట్లు తెగుతాయి.