మన కేసు మనమే వేసుకుందాం – 3వ పాఠం: ఫిర్యాదు రాయడం

పోయిన పాఠంలో ఎదుటి పక్షానికి నోటీసు పంపాం. అది అందింది, జవాబు మాత్రం రాలేదనుకుందాం. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాయాలి. లాయరు లేకుండా మీరే రాసుకోవచ్చు.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని తేదీలు వరసగా వేయండి. వస్తువు ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు పాడైంది, షాపుకో కంపెనీకో ఎప్పుడు ఫిర్యాదు చేశారు, వాళ్లేమన్నారు. ప్రతి తేదీ పక్కనా దాన్ని రుజువు చేసే కాగితం పేరు రాయండి. ఏ కాగితమూ లేని తేదీ ఉందంటే ఎదుటి లాయరు పట్టుకునేది అక్కడే. ఫోన్లో అన్న మాటైతే, "ఫలానా రోజు మీరు ఇలా చెప్పారు" అని ఇప్పుడైనా వాళ్లకు ఈమెయిల్ పెట్టండి.

ఈ వరసే ఫిర్యాదులో పేరాలవుతుంది. వారంటీలో ఉన్న ఫ్రిజ్ పాడైందనుకోండి. చాలామంది "కంపెనీవాళ్లు నన్ను ఎన్నోసార్లు తిప్పించుకుని మానసికంగా వేధించారు" అని రాస్తారు. ఆ బాధ నిజమే. కానీ తీర్పు రాసేవాళ్లకు అందులో పట్టు దొరకదు. అదే సంగతిని ఇలా రాసి చూడండి:

"5. మార్చి 4న టెక్నీషియన్ వచ్చి కంప్రెసర్ పోయిందని జాబ్ కార్డులో రాశారు. అది డాక్యుమెంట్ 3. వారంటీ ఉన్నా రూ.6,500 కట్టమని మార్చి 6న మెసేజ్ పంపారు. అది డాక్యుమెంట్ 4."

వేధింపు అన్న మాటే లేదు, కానీ చదివినవాళ్లకు అది కనిపిస్తుంది. ఒక పేరాలో ఒకే సంగతి ఉండాలి.

అమ్మిన షాపునూ, తయారుచేసిన కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే తప్పు అవతలివాళ్లదని తప్పించుకుంటారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మీరు కట్టిన ధర రూ.50 లక్షల లోపుంటే జిల్లా కమిషన్ చాలు, రూ.5 లక్షల దాకా ఫీజు లేదు. గడువు రెండేళ్లు. నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు పెరగదు, ఇది బాగా గుర్తుంచుకోండి.

చివర్లో మీకేం కావాలో విడివిడిగా అడగండి: డబ్బు వాపసా, కొత్త వస్తువా, నష్టపరిహారం ఎంత, కేసు ఖర్చులెంత. "ఓ ఐదు లక్షలు వేసెయ్" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. లెక్క చూపించగలిగినంతే అడిగితే మీ మాటకు విలువ ఉంటుంది. కింద సంతకం, దాంతోపాటు రాసిందంతా నిజమని అఫిడవిట్. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు.

వచ్చే పాఠంలోగా మీ తేదీల వరస పూర్తిచేసి, కాగితాలకు అదే క్రమంలో నంబర్లు వేయండి. కమిషన్ పంపే నోటీసు అందాక ఎదుటి పక్షానికి జవాబివ్వడానికి 30 రోజులు, మహా అయితే మరో 15 రోజులు గడువుంటుంది. ఆ జవాబును ఎలా చదవాలో 4వ పాఠంలో చూద్దాం.