యుద్ధానికి వెళ్లిన తొలితరం ఫుట్‌బాల్ ఆటగాడి జీవితం రాయాలంటే: వాల్టర్ టల్ ఉదాహరణగా

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఆటగాడి గురించి రాసేవారు పౌర రిజిస్టర్లు, ఆట రికార్డులు, సైన్యం కాగితాలు మూడూ చూడాలి. మూడింటిలోనూ ఉన్నది ఒకే మనిషని తేల్చుకున్నాకే కలం పట్టాలి. వాల్టర్ టల్ 1888 ఏప్రిల్ 28న ఫోక్‌స్టోన్‌లో పుట్టి, లండన్ అనాథాశ్రమంలో పెరిగి, టోటెన్‌హామ్, నార్తాంప్టన్ క్లబ్బులకు ఆడారు. 1918 మార్చి 25న ఫ్రాన్స్ యుద్ధరంగంలో మరణించారు.

జనన సూచికలో ఊరి పేరు కాదు, రిజిస్ట్రేషన్ జిల్లా పేరు ఉంటుంది. ఫోక్‌స్టోన్ అప్పట్లో ఎల్హామ్ జిల్లా కిందికి వచ్చేది. సూచిక మూడు నెలలకొక భాగం. నమోదుకు 42 రోజుల గడువుండేది కాబట్టి జూన్‌లో పుట్టిన బిడ్డ సెప్టెంబర్ భాగంలో కనిపించవచ్చు. తర్వాతి భాగం కూడా చూశాకే లేదని అనుకోండి.

ఆట లెక్కల దగ్గర చాలామంది పొరబడతారు. ఫుట్‌బాల్ లీగ్ గణాంకాలొక్కటే చూస్తే టల్ ఖాతాలో టోటెన్‌హామ్ తరఫున 10 మ్యాచ్‌లు, 2 గోల్స్ మాత్రమే ఉంటాయి. 1911లో ఆయన చేరిన నార్తాంప్టన్ అప్పుడు సదరన్ లీగ్ అనే వేరే పోటీలో ఉంది, ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చింది 1920లో. అక్కడి మ్యాచ్‌లన్నీ విడిగా ఏరుకోవాలి. ఆనాటి పత్రికల జట్టు జాబితాల్లో తరచూ ఇంటిపేరొక్కటే వేసేవారు. అదే ఇంటిపేరున్న ఇంకో ఆటగాడు ఆ క్లబ్బులో ఉన్నాడేమో చూసుకోండి. 1915 నుంచి 1919 దాకా జరిగిన యుద్ధకాల మ్యాచ్‌లను అధికారిక లెక్కలో కలపకండి.

సైన్యం కాగితాల్లో ముందు పతకాల కార్డు తీయండి. అది బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ) 372 వరుసలో ఉంటుంది. పేరు, రెజిమెంట్, సర్వీసు నంబరు అందులో దొరుకుతాయి. మిడిల్‌సెక్స్ రెజిమెంట్ నంబరు ముందు ఎఫ్ అక్షరముంటే ఫుట్‌బాల్ బెటాలియన్ (ఆటగాళ్లు, అభిమానులతో ఏర్పడిన సైనిక దళం) మనిషని అర్థం. అంతమాత్రాన ఆటగాడని రాయొద్దు, అభిమానులూ పెద్దసంఖ్యలో చేరారు. తర్వాత సర్వీసు ఫైలు. సాధారణ సైనికుల ఫైళ్లు డబ్ల్యూఓ 363లో వెతకాలి. 1940 సెప్టెంబర్ బాంబుదాడిలో వాటిలో సగానికి పైగా కాలిపోయాయి కాబట్టి ఫైలు దొరకలేదంటే ఆ మనిషి సైన్యంలో లేడని కాదు. పింఛను కోసం వేరుగా ఉంచినవి డబ్ల్యూఓ 364లో మిగిలాయి. అధికారుల ఫైళ్లు డబ్ల్యూఓ 339, 374 వరుసల్లో ఉన్నాయి. టల్ 1917 మేలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు కాబట్టి ఆయన కోసం అక్కడ వెతకాలి.

కదలికలు తెలియాలంటే డబ్ల్యూఓ 95లోని బెటాలియన్ల యుద్ధ డైరీలు చదవాలి. టల్ మొదట 17వ మిడిల్‌సెక్స్ బెటాలియన్‌లో, అధికారి అయ్యాక 23వ దాంట్లో పనిచేశారు. 17వ దాని డైరీ ఒక్కటే చూస్తే, 23వ దానితో ఆయన ఇటలీలో పోరాడిన ఘట్టం తప్పిపోతుంది. డైరీల్లో అధికారుల పేర్లు ఉంటాయి, మామూలు సైనికులు ఎక్కువగా సంఖ్యగానే కనిపిస్తారు. సమాధి వివరాలకు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా చూడండి. టల్ దేహం దొరకలేదు, పేరు అరాస్ స్మారకంపై ఉంది.

"మొట్టమొదటి" అనే మాట వాడేముందు ఆగండి. టల్‌ను బ్రిటిష్ సైన్యపు తొలి నల్లజాతి అధికారి అని ఎన్నోచోట్ల రాశారు. కానీ జార్జ్ బెమాండ్ అనే మరో నల్లజాతి సైనికుడు 1915లోనే అధికారి అయ్యారు. మిలిటరీ క్రాస్ అనే సాహస పతకం సంగతీ ఇలాంటిదే. 1918 జనవరిలో ఇటలీలోని పియావే నది దాటి చేసిన దాడికి మేజర్ జనరల్ లాఫర్డ్ టల్‌ను ప్రశంసించారు, పతకానికి సిఫారసు జరిగిందని టల్ అన్నయ్య ఎడ్వర్డ్‌కు తోటి అధికారి ఉత్తరం రాశారు. పతకం మాత్రం రాలేదు. ప్రశంస ఎవరిది, సిఫారసు మాట ఎక్కడిది అన్నది వేర్వేరు వాక్యాల్లో రాయండి.