దూరపు సైకిల్ సాధనలో తిండి: ఏ గంటకు ఏ ఇబ్బంది, దానికి ఏం చేయాలి

బరంపురం, ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వైపు నుంచి తెల్లవారకముందే పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి వంద, రెండు వందల కిలోమీటర్లు సాధన చేసేవారికి వచ్చే ఇబ్బందులు కాళ్లలో బయటపడతాయి గానీ, వాటి మూలం చాలాసార్లు తిన్నదానిలోనో, వేళకు తినకపోవడంలోనో ఉంటుంది. ఏది తప్పిందో తేల్చుకోవాలంటే ఇబ్బంది ఎన్నో గంటలో మొదలైందో ముందు గుర్తు తెచ్చుకోవాలి. ఒకే రకం నీరసం మొదటి గంటలో వస్తే ఒక కారణం, మూడో గంటలో వస్తే మరొక కారణం ఉంటాయి కాబట్టి, ఇక్కడి వివరాలన్నీ గంటల వరుసలోనే ఉన్నాయి.

మొదటి గంటలోనే నీరసం, చేతుల వణుకు

బయలుదేరడానికి అరగంట, ముప్పావుగంట ముందు బాగా తీపి వేసిన టీ, బిస్కెట్లు తీసుకునే అలవాటు దీనికి తరచుగా కారణమవుతుంది. ఆ తీపికి ఇన్సులిన్ పెరుగుతున్న సమయంలోనే కండరాలు కూడా చక్కెరను లాగడం మొదలుపెడతాయి కనుక, కొందరిలో రక్తంలోని చక్కెర కాసేపు బాగా పడిపోతుంది. అందరికీ ఇలా జరగదు, జరిగేవారికి మాత్రం తరచుగా జరుగుతుంది. రెండు మూడు గంటల ముందే ఇడ్లీయో, నూనె తక్కువ వేసిన ఉప్మాయో తినడం సరైన పద్ధతే అయినా, నాలుగున్నరకు బయలుదేరే మనిషిని రెండు గంటలకు లేచి ఇడ్లీ తినమనడం న్యాయం కాదు. అలాంటివారు ముందు రాత్రి అన్నం కడుపునిండా తిని, పొద్దున ఖాళీ కడుపుతోనే సైకిలెక్కి, పది పదిహేను నిమిషాలు తొక్కాక మొదటి అరటిపండు తింటే సరిపోతుంది.

రెండు మూడు గంటల మధ్య కాళ్లు ఒక్కసారిగా ఆడకపోవడం

సైకిలు తొక్కేవారు బాంక్ అనేది దీనినే. కండరాలలో, కాలేయంలో కలిపి మనిషి దాచుకోగల గ్లైకోజన్ (ఒంటిలోని చక్కెర నిల్వ) దాదాపు 400 నుంచి 500 గ్రాములు మాత్రమే కాబట్టి, గట్టిగా తొక్కేవారికి అది రెండు మూడు గంటల్లో అడుగంటుతుంది. కొవ్వు నిల్వలు ఎన్ని ఉన్నా ఆ వేగాన్ని అవి నిలబెట్టలేవు. అలసటకూ దీనికీ తేడా సులభంగానే తెలుస్తుంది: అలసట మెల్లగా పెరుగుతుంది, ఇది ఉన్నట్టుండి వస్తుంది, దానితోపాటు చిరాకు, చలి చెమట, ఎదుటి వాహనం ఎంత దూరంలో ఉందో పోల్చుకోలేని మందకొడితనం కూడా వస్తాయి. లారీలు తిరిగే రహదారి మీద ఈ చివరిదే ప్రమాదకరం. అప్పటికప్పుడు ఆగి, తీపి నీళ్లో ఖర్జూరాలో తీసుకుని పావుగంట కూర్చోవడం తప్ప మరో దారి లేదు.

రాకుండా చూసుకోవాలంటే ఆకలి వేసేదాకా ఆగకూడదు. మొదటి గంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. రెండున్నర గంటలు దాటే ప్రయాణాల్లో 90 గ్రాముల వరకు వెళ్లవచ్చు గానీ, ఒక్క గ్లూకోజునే పేగులు గంటకు 60 గ్రాములకు మించి తీసుకోలేవు. పండ్ల చక్కెర అయిన ఫ్రక్టోజుకు పేగుల్లో వేరే దారి ఉండడం వల్ల రెండూ కలిసిన ఆహారానికే ఆ పై మెట్టు అందుతుంది. పంచదార, బెల్లం, ఖర్జూరం, అరటిపండు అన్నిటిలోనూ ఈ కలయిక సహజంగానే ఉంది కాబట్టి ఖరీదైన జెల్ పొట్లాలు తప్పనిసరి కావు.

ఇక్కడ దొరికేవాటిలో నా ఓటు మరమరాల ఉండకే. మరమరాలలోనూ బెల్లంలోనూ దాదాపు అంతా పిండిపదార్థమే, కొవ్వు, పీచు నామమాత్రం. పాతిక గ్రాముల ఉండ ఒకటి తింటే 20 గ్రాములకు పైగా అందుతుంది. జెర్సీ జేబులో చెమటకు మెత్తబడి అంటుకుపోతుంది కనుక ఒక్కొక్క ఉండను నూనె కాగితంలో చుట్టి, చుట్టు కొసలను మెలిపెట్టకుండా మడిచి పెట్టుకుంటే, నడుస్తున్న సైకిలు మీద ఒంటి చేత్తో పళ్లతో లాగి విప్పుకోవచ్చు. మధ్యరకం అరటిపండులో 25 గ్రాములు, నాలుగు ఖర్జూరాలలో ఇంచుమించు అంతే, ఇడ్లీ ఒక్కొక్కదానిలో 10 గ్రాముల చొప్పున లెక్క వేసుకుంటే మిగిలినదంతా కూడికే.

పొట్ట బరువు, వికారం, తేపులు

తిన్న గంటలోపు ఇది మొదలైతే కొవ్వును అనుమానించాలి. కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి ఆలస్యంగా కదులుతుంది, పైగా గట్టిగా తొక్కేటప్పుడు రక్తం కాళ్లవైపు మళ్లి జీర్ణాశయానికి తగ్గుతుంది. పలాస జీడిపప్పు ఎంత మంచిదైనా నూటికి 45 గ్రాములు కొవ్వే. పప్పుండలు, సున్నుండలు, దారిలో ఊరించే బరా ఘుగుని (వడలు, బఠాణీ కూర), పూరీ కూడా సైకిలు దిగాక తినదగినవే. రెండు వందల కిలోమీటర్ల బ్రెవేకు (గడువులోగా దూరం పూర్తి చేయాల్సిన సైకిల్ ప్రయాణానికి) పదమూడున్నర గంటల గడువు ఉంటుంది గనుక మధ్యలో ఒకచోట కూర్చుని తినడం తప్పు కాదు, కానీ తిన్నాక అరగంటపాటు నెమ్మదిగా తొక్కాలి. బరంపురం నుంచి తప్తపాణి వైపు వెళ్లేవారు ఘాటు ఎక్కే ముందు పూరీలు తినకపోవడం మంచిది.

కొవ్వు తినకపోయినా వికారం వస్తే సీసాలోని నీళ్లు మరీ చిక్కగా ఉన్నాయేమో చూడాలి. లీటరుకు 60 నుంచి 80 గ్రాముల పంచదార దాటితే అవి కడుపులో నిలిచిపోతాయి. అదీ కాకపోతే పొట్టకు అలవాటు లేదని అర్థం. గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచితే పేగులు కూడా సాధనకు లొంగుతాయి.

తలనొప్పి, వేళ్ల వాపు, కండరాలు పట్టేయడం

తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, అందువల్ల ఇంకా చెమట పడుతుంది. జెర్సీ ఆరాక వీపు మీద తెల్లటి చారలు మిగిలేవారు ఉప్పు ఎక్కువగా పోగొట్టుకుంటున్నట్టు లెక్క. తలనొప్పితోపాటు మూత్రం ముదురు రంగులో వస్తే నీళ్లు తక్కువయ్యాయి. అదే తలనొప్పి ఉండి, ఉంగరం బిగిసి, కడుపు ఉబ్బి, ఒంటి బరువు బయలుదేరినప్పటికంటే పెరిగితే ఉట్టి నీళ్లు ఎక్కువయ్యి రక్తంలో సోడియం పలచబడిందేమోనని అనుమానించాలి. రెండోదానికి ఇంకా నీళ్లు తాగించడం ప్రాణం మీదికి తెస్తుంది. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

లీటరు నీటికి 50 గ్రాముల పంచదార, పావు టీచెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ కలిపితే దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం అందుతుంది. గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్ల మధ్య, దాహాన్ని బట్టి తాగవచ్చు. ఓఆర్‌ఎస్ పొట్లం మంచిదే కానీ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే కాబట్టి అది ఉప్పుకు జవాబు, తిండికి కాదు. కొబ్బరిబోండంలో పొటాషియం దండిగా ఉండి సోడియం తక్కువ కనుక, అదొక్కటే తాగి ఉప్పు భర్తీ అయిందనుకోకూడదు.

కండరాలు పట్టేయడానికి ఉప్పు ఒక్కటే కారణమన్న నమ్మకం బలంగా ఉంది గానీ, అలవాటుకు మించి కండరాన్ని అలసించడమే చాలాసార్లు అసలు కారణం. ఆగి, పట్టిన కండరాన్ని సాగదీసి, ఆపైన వేగం తగ్గించాలి. దోసకాయలు ఊరవేసిన ఉప్పు పులుసు నీరు గుక్కెడు తాగితే పట్టు త్వరగా వదులుతుందని పరిశోధనలో తేలిన మాట నిజమే, అయితే నూనె తేలే మన ఆవకాయ ఆ కోవలోకి రాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు వాసులు ఒక జాగ్రత్త విడిగా పాటించాలి. అక్కడ దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎంతగా ఉందో తెలిసిందే. అందువల్ల దూరపు సాధన మొదలుపెట్టేముందే కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా ప్రారంభమైంది. కిడ్నీలు మందగించినవారికి కొబ్బరినీళ్లలోని పొటాషియమే ప్రమాదం, ఉప్పు, నీళ్ల మోతాదు కూడా వైద్యుడే చెప్పాలి. కిడ్నీలు బాగున్నవారైనా ఒళ్లు ఎండిన స్థితిలో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకుని తొక్కకూడదు.

ఐదారు గంటలకు తీపి అంటేనే వెగటు

నాలుక విసిగిపోతుంది, అంతే. అలాగని తినడం మానేస్తే మళ్లీ బాంక్ వస్తుంది. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప, ఇడ్లీ, నూనె వేయని అటుకుల పులిహోర వంటివి సగం దారి తర్వాతకు అట్టిపెట్టుకోవాలి.

మర్నాడు కాళ్లు లేవకపోవడం

ఇంటికి చేరి స్నానం చేసి నిద్రపోయి సాయంత్రం తినేవారికి ఇది తప్పదు. దిగిన గంటలోపు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున పిండిపదార్థం, దానితో 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు పడితే గ్లైకోజన్ త్వరగా నిండుతుంది. మన చద్దన్నం, ఒడిశావారి పఖాళ ఈ పనికే పుట్టాయా అనిపిస్తుంది: అన్నం, నీరు, ఉప్పు మూడూ ఒకే గిన్నెలో ఉంటాయి, పక్కన ఎండుచేప వేపుడో మూడు గుడ్లో ఉంటే మాంసకృత్తుల లెక్కా చాలావరకు తీరుతుంది. చోడంబలి (రాగి అంబలి) దాహానికి హాయి గానీ పలచన కావడంతో గ్లాసెడు అంబలి భోజనం కిందికి రాదు. వారంలో ఒక్కరోజే దూరం తొక్కి మర్నాడు విశ్రాంతి తీసుకునేవారు ఈ గంట లెక్క పెట్టుకోనక్కరలేదు, వారికి మామూలు వేళకు మామూలు భోజనం చాలు.