ట్రాక్టర్ పాఠాలు – 4: తొట్టి తగిలించడం

పోయిన పాఠంలో మూడు చోట్ల బిగించే పనిముట్లు చూశాం. ఇప్పుడు లాగుడు బండి వంతు: రెండు చక్రాల తొట్టి. ట్రక్కు అనండి, ట్రాలీ అనండి, పద్ధతి ఒకటే. తొట్టి ముందుకు పొడుచుకొచ్చే ఇనుప చట్రాన్ని ఎడ్లబండి లెక్కనే నొగ అందాం. దాని చివర, పిన్ను దిగే రంధ్రం ఉన్నది కన్ను.

తొట్టి చదును నేల మీద ఉండాలి. రెండు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. నొగ కింది జాకీ తిప్పి, కన్నును ట్రాక్టర్ హుక్కు ఎత్తుకు తెండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత నొగను చేత్తో లేపాల్సి వస్తుంది. వేళ్ళు నలిగేది అప్పుడే.

ఇక వెనక్కి. లో రేంజిలో రివర్స్ గేరు, ఇంజిను తక్కువ వేగం. సాయం చేసే మనిషి పక్కకు, డ్రైవరుకు కనబడేలా నిలబడాలి. పిన్ను చేతపట్టుకుని "రా.. రా.." అంటూ రెంటి నడుమ నిలబడే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. క్లచ్ మీద కాలు ఒక్కసారి జారితే ఆ మనిషికి పక్కకు తప్పుకునే సందు కూడా ఉండదు. హుక్కులోకి కన్ను వచ్చాక న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిను ఆపండి. ఆ తర్వాతే మనిషి లోపలికి వెళ్ళాలి. రంధ్రాలు అంగుళం తేడాలో ఉన్నా ఆయన బయటికి వచ్చాకే మళ్ళీ స్టార్ట్ చేయాలి. కలిశాయో లేదో చూడ్డానికి రంధ్రంలో వేలు మాత్రం పెట్టొద్దు.

పిన్ను పైనుంచి కిందికి దిగాలి, తల పైన ఉండాలి. కింద క్లిప్పు తప్పనిసరి. పిన్ను పోయిందని ఇల్లు కట్టగా మిగిలిన ఇనుప చువ్వ ముక్క దోపుతుంటారు. చువ్వ సన్నం, కాబట్టి కన్నులో ఆడుతుంది. గేరు మార్చిన ప్రతిసారీ, బ్రేకు వేసిన ప్రతిసారీ సుత్తి దెబ్బ పడ్డట్టే. కొన్నాళ్ళకు వంగుతుంది, తల లేదు కాబట్టి జారుతుంది. అసలు పిన్నునైనా తీసినప్పుడల్లా గుడ్డతో తుడిచి చూడండి. నడుమ గాడి పడితే మార్చేయాల్సిందే. క్లిప్పు పెట్టాక నొగకూ ట్రాక్టర్‌కూ గొలుసు కట్టండి. మలుపులో బిగుసుకోనంత వదులు చాలు.

తగిలించేది కంపెనీ ఇచ్చిన హుక్కుకే. తొట్టి బురదలో దిగబడితే కొందరు గొలుసును పైన టాప్ లింకు (పనిముట్టును పైనుంచి పట్టే కడ్డీ) చోట కడతారు. లాగే చోటు వెనక ఇరుసు కన్నా పైకి పోతే, చక్రాలు కదలక, ట్రాక్టరే ఇరుసు చుట్టూ వెనక్కి తిరగబడుతుంది. ముందు చక్రాలు లేచాక క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు.

తొట్టిని ఎత్తే హైడ్రాలిక్ పైపు ఉంటే, దాని మూతిని తుడిచి పెట్టండి, ఇసుక పోతే సీలు పాడవుతుంది. రెండు బ్రేకు పెడళ్ళకూ కొక్కెం వేయండి. రోడ్డు మీద ఒక్క పెడలే తొక్కితే బండి ఒక పక్కకు లాగేస్తుంది. జాకీ ఎత్తి బిగించి, రాళ్ళు తీయకముందే కొద్దిగా లాగి చూడండి. పిన్ను కదలకపోతే దిగి రాళ్ళు తీసేయండి.

విప్పడం వచ్చే పాఠంలో. అప్పటిదాకా బరువున్న తొట్టిని విప్పొద్దు: సరుకు వెనక్కి ఉంటే, పిన్ను తీయగానే నొగ లేచి గడ్డానికి తగులుతుంది. ఈ వారం ఖాళీ తొట్టితో, జాకీ సాయంతో, పదిసార్లు తగిలించి చూడండి.