లారీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ – 4వ పాఠం: ఆయిల్ ఎప్పుడు మార్చాలి, లెవెల్ ఎలా పట్టాలి

పోయిన పాఠంలో టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ శక్తిని గేర్‌బాక్సుకి అందించేది) విప్పి చూశాం. ఈసారి అందులో తిరిగే ఆయిల్ సంగతి.

ముందు మీ బండి ఏ రకమో తేల్చుకోండి. క్లచ్ పెడల్ లేనంత మాత్రాన ప్రతిదీ ఆటోమేటిక్ కాదు. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) లారీల్లో లోపలున్నది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేర్ మార్చడం మాత్రం డ్రైవర్‌కి బదులు యాక్చుయేటర్లు చేస్తాయి. దాంట్లో కంపెనీ పుస్తకం చెప్పిన గేర్ ఆయిలే పోయాలి. ‘ఆటోమేటిక్ కదా’ అని షాపువాడు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) డబ్బా చేతిలో పెడితే తీసుకోవద్దు. ఈ పాఠం టార్క్ కన్వర్టర్ ఉన్న బండ్లకే: ఆలిసన్ కంపెనీ గేర్‌బాక్సు ఉన్న టిప్పర్లు, బస్సులు, ఇంకా ఆటోమేటిక్ పికప్‌లు.

ఎప్పుడు మార్చాలి అంటే అందరూ కిలోమీటర్లే అడుగుతారు. ఇబ్రహీంపట్నంలో బూడిద ఎత్తే టిప్పర్‌ని చూడండి. లోడింగ్ దగ్గర వరసలో ముందుకీ వెనక్కీ పాకుతుంది, పీటీఓ (ఇంజన్ శక్తిని బాడీ ఎత్తే పంపుకి ఇచ్చే జోడింపు) వేసి బాడీ ఎత్తుతుంది, ఇంజన్ రోజంతా ఆగదు. సీజన్లో గుంటూరు మిర్చి యార్డు దగ్గర క్యూలో ఉండే బండి పరిస్థితీ అంతే. మీటర్ మీద కిలోమీటర్లు పెరగవు, ఆయిల్ మాత్రం ఉడుకుతూనే ఉంటుంది. టార్క్ కన్వర్టర్‌లో ఎక్కువ వేడి పుట్టేది డ్రైవ్‌లో పెట్టి బ్రేకు తొక్కి నిలబడినప్పుడూ, లోడుతో పాకించినప్పుడూ. ఇంజన్ తిప్పుతుంది, చక్రం తిరగదు, ఆ శక్తంతా ఆయిల్లోకి వేడిగా దిగుతుంది. అందుకే గంటల మీటర్ చూడండి. పుస్తకంలో కిలోమీటర్లు, గంటలు, నెలలు అని మూడు లెక్కలుంటాయి. వాటిలో ఏది ముందు పూర్తయితే అప్పుడే మార్చాలి. పైగా మన దగ్గర టిప్పర్ పని ‘సివియర్ డ్యూటీ’ (కఠినమైన పని) కిందికి వస్తుంది కాబట్టి పట్టికలో ఆ వరసే చూడాలి, పక్కనున్న మామూలు పని వరస కాదు. మే నెల విజయవాడ ఎండలో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి తగిలే గాలే నిప్పులా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

ఏ ఆయిల్ అన్నది రెండో ప్రశ్న. ఎర్రగా ఉన్నదల్లా ఒకటే అనుకోవద్దు, ఎరుపు వట్టి రంగు. ఆలిసన్‌కి టీఈఎస్-295, టీఈఎస్-668 అని ఆమోదాలున్నాయి. ఆ నంబరు డబ్బా మీద ఉందా లేదా చూసి కొనండి. అవి మామూలు ఏటీఎఫ్ కన్నా చాలా ఎక్కువ గంటలు నిలుస్తాయి. ధర చూసి వెనకాడేవాళ్లు ఒక్కో గంటకి ఎంత పడుతుందో లెక్క వేసుకుంటే సరి. ‘డెక్స్‌రాన్-3’ అని రాసిన డబ్బాలు ఇప్పటికీ అమ్ముతారు. అది జనరల్ మోటార్స్ పెట్టిన ఏటీఎఫ్ పేరు, ఆ పేరు వాడుకునే లైసెన్సులు ఇవ్వడం ఆ కంపెనీ 2006 చివరితోనే ఆపేసింది. అంటే డబ్బా మీద ఆ పేరున్నా వెనక ఆ కంపెనీ పూచీ ఏమీ లేదు.

ఇక లెవెల్. గేర్‌బాక్సులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు గేజ్ కడ్డీ మీది ‘హాట్’ గీత దాకా పోస్తే బండి వేడెక్కాక లెవెల్ ఇంకా పైకి లేచి, తిరిగే గేర్లకి తగులుతుంది. అవి దాన్ని నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలి నలుగుతుంది. ప్రెజర్ పడిపోయి క్లచ్ ప్లేట్లు జారతాయి, బ్రీదర్ (గేర్‌బాక్సు లోపలి గాలి బయటికి పోయే దారి) లోంచి ఆయిల్ కక్కుతుంది. తక్కువైనా జరిగేది దాదాపు ఇదే, ఈసారి పంపే గాలి పీలుస్తుంది. అందుకే నురగ చూడగానే ఆయిల్ పోసెయ్యకుండా, ముందు ఎక్కువైందా తక్కువైందా తేల్చుకోవాలి.

ఆలిసన్ 3000, 4000 సిరీస్‌లో గేజ్ కడ్డీ మీద రెండు పట్టీలుంటాయి. కోల్డ్ పట్టీ ఆయిల్ 16–49 డిగ్రీల మధ్య ఉన్నప్పటికి. అది బండి స్టార్ట్ చేసి నడపడానికి సరిపడా ఆయిల్ ఉందో లేదో చెప్పేందుకే. అసలు లెవెల్ చెప్పేది హాట్ పట్టీ, 71–93 డిగ్రీల మధ్య. బండి చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డు పెట్టండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండాలి. బ్రేకు తొక్కి పట్టి డ్రైవ్‌లో కాసేపు, రివర్స్‌లో కాసేపు వేసి న్యూట్రల్‌కి తీసుకురండి. అలా చేస్తే లోపలి దారులన్నీ ఆయిల్‌తో నిండుతాయి. కడ్డీ తీసేముందు చుట్టూ ఉన్న దుమ్ము తుడవాలి. గుడ్డలో దారాలు ఊడకూడదు, ఒక్క పోగు లోపలికి వెళ్లినా వాల్వు దగ్గర ఇరుక్కుంటుంది. ఒకసారి తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ తీసి చూడండి. రెండుసార్లూ ఒకే చోట గీత పడితేనే నమ్మాలి.

పుష్‌బటన్ సెలెక్టర్ ఉండి, లెవెల్ సెన్సర్ కూడా ఉన్న బండిలో ఈ పని డిస్‌ప్లేయే చేసిపెడుతుంది. న్యూట్రల్‌లో ఆగి పైబాణం, కింద బాణం రెండూ ఒకేసారి నొక్కండి. ఆయిల్ కిందికి దిగేందుకు రెండు నిమిషాలు ఆగుతుంది, ఆ లోపు 8 నుంచి వెనక్కి లెక్క కనిపిస్తుంది. తరవాత ‘ఓకే’ వస్తే సరే. ‘లో’ పక్కన 2 వస్తే రెండు క్వార్టులు తక్కువ, అంటే 1.9 లీటర్లు. ‘హై’ వస్తే దాని పక్కన చూపిన అన్ని క్వార్టులు తీసెయ్యాలి.

పికప్‌లలో చాలావాటికి కడ్డీయే ఉండదు, కింద లెవెల్ నట్టు ఉంటుంది. పుస్తకంలో చెప్పిన ఉష్ణోగ్రతలో, ఇంజన్ తిరుగుతుండగా దాన్ని విప్పాలి. ధారగా కారేది సన్నబడి చుక్కలయ్యే వేళ బిగించాలి. ఆయిల్ ఉష్ణోగ్రత చూపే స్కానర్ లేకుండా చేత్తో తాకి ‘వేడెక్కిందిలే’ అనుకుంటే లెవెల్ తప్పుతుంది.

మార్చే విధానం 3000 సిరీస్‌కి చెబుతాను. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ నట్టు విప్పండి, మడ్డి దాంతోపాటే వచ్చేస్తుంది. చేతులు కాలకుండా గ్లౌజులు వేసుకోవాలి. దిగిన ఆయిల్‌ని కొలత డబ్బాలో పట్టండి. ఫిల్టర్లతో కలిపి సుమారు 18 లీటర్లు పడుతుంది. 4000 సిరీస్‌కి దాదాపు దానికి రెట్టింపు. కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో పాత ఆయిల్ కొంత మిగిలిపోతుంది. అది పోనివ్వండి. మెషిన్ పెట్టి ప్రెజర్‌తో ఫ్లష్ చేయించమనే వాళ్ల మాట వినొద్దు, కదిలిన మడ్డి వాల్వుల్లో చేరుతుంది.

ఫిల్టర్లు రెండు: మెయిన్, లూబ్. ఒక్కటే మార్చి డబ్బు మిగిలిందనుకుంటే కుదరదు. కవర్ల ఓ-రింగులు, ప్యాకింగులు కొత్తవి వేసి ఏటీఎఫ్‌తోనే తడపండి, గ్రీజు వద్దు. టార్క్ పానాతో కవరు బోల్టులు 51–61 న్యూటన్ మీటర్లకి, డ్రెయిన్ నట్టు 25–32కి బిగించాలి. హౌసింగ్ అల్యూమినియం, గొట్టం పెట్టి పానా లాగితే మరలు ఊడొస్తాయి.

తీసిన ఆయిల్‌నీ, ఫిల్టర్‌నీ పారేసే ముందు చూడండి. వేళ్ల మధ్య రుద్దితే తగిలే మెత్తటి బూడిదరంగు పొడి అరుగుదల మాత్రమే, భయం లేదు. గుచ్చుకునే ఇనుప ముక్కలు, ఇత్తడి రంగు రేకులు, మాడిన వాసనతో నల్లటి పొడి ఉంటే ఆయిల్ మార్చి ఉపయోగం లేదు, గేర్‌బాక్సు విప్పాల్సిందే. ‘ఆయిల్ మార్చాక గేర్‌బాక్సు పోయింది’ అనే మాట ఆటోనగర్‌లో తరచూ వినిపిస్తుంది. అలాంటి బండ్లలో చాలావాటికి ప్లేట్లు అప్పటికే కాలిపోయి ఉంటాయి, ఆయిల్ మార్చిందీ ఆ జారుడు చూసే. గులాబీ రంగు మజ్జిగలా వస్తే రేడియేటర్ నీళ్లు కూలర్‌లోంచి కలిశాయన్నమాట. కూలెంట్‌లోని గ్లైకాల్ ప్లేట్ల మీద లైనింగ్ అతుకుని ఊడగొడుతుంది. ఇక బండి నడపొద్దు, టోయింగ్ చేయించండి.

కొత్త ఆయిల్ ముందు 16 లీటర్లే పోయండి. స్టార్ట్ చేసి డ్రైవ్, రివర్స్ వేసి కోల్డ్ పట్టీ చూసి, కొద్దికొద్దిగా కలపండి. తరవాత లోడుతో కాజా టోల్ గేటు దాకా వెళ్లొస్తే హాట్ చెక్‌కి కావలసిన వేడి వస్తుంది. అప్పుడు కింద దూరి కవర్ల అంచుల్లో చెమ్మ ఉందేమో చూడండి. తీసిన ఆయిల్‌ని కాలవలో పోయొద్దు, అనుమతి ఉన్న పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

వచ్చే పాఠం కూలర్ గురించి. ఈలోపు మీ బండి గంటల మీటర్ రీడింగ్, పోసిన ఆయిల్ పేరు, ఆమోదం నంబరు పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఆ పాఠంలో లెక్కలకి అవి కావాలి.