మధ్యాహ్నం వాడిన కుండీకి నీళ్లు పోసేముందు

బెజవాడ మేడల మీద మే నెలలో రెండింటికల్లా టమాటా, మిర్చి మొక్కలు తలలు వాల్చేస్తాయి. కంగారుపడి బకెట్ ఎత్తకండి. కుండీలో రెండంగుళాల లోతుకు వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే అది దాహం కాదు, ఎండ దెబ్బ. పొద్దు వాలాక మొక్క తనే తేరుకుంటుంది. మట్టి తడిగా ఉండి, తెల్లారినా వాలిపోయే ఉంటే వేరు కుళ్లును అనుమానించాలి. నేను ఇలాగే నీళ్లు పోసిపోసి రెండు మిర్చి మొక్కల్ని చంపుకున్నాను.

టమాటా ఆకు దొన్నెలా పైకి ముడిస్తే చాలాసార్లు వేడికే. అదే మిర్చి ఆకైతే ముందు వెనక్కి తిప్పి తామర పురుగు (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు, త్రిప్స్) కోసం వెతకండి. టమాటా పూత రాలిందని మందు కొట్టొద్దు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా ఉక్కపోతే అయితే పిందె కట్టదంతే. వేర్లు వేడెక్కకుండా నల్ల గ్రో బ్యాగుకు (మొక్కలు పెంచే సంచికి) తడి గోనెసంచి చుట్టి, కింద ఇటుకలు పెట్టండి.